నాలుగువందల యాభై వాట్ల ఇల్లు

ఇండోనేషియాలోని సురబాయలో ఆ సందు ఇళ్ళన్నిటికీ నాలుగువందల యాభై వాట్ల కరెంటే. అంతకు మించి వాడితే గుమ్మం పక్కన మీటరు స్విచ్చి జెగ్లెక్‌మని కిందికి పడుతుంది, ఇల్లంతా మూగబోతుంది. అందుకే అక్కడ ఒక అలవాటు పాతుకుపోయింది. ఇస్త్రీ పెట్టబోయే మనిషి ముందుగా "ఇస్త్రీ!" అని కేకెయ్యాలి. ఆ కేక విని వంటింట్లో వాళ్ళు అన్నం కుక్కరు పీకేస్తారు. కేక లేకుండా ఎవరింట్లో అయినా స్విచ్చి పడిందా, సందంతా ఒక్క గొంతుతో "ఓహో!" అని వెక్కిరిస్తుంది. ఎక్కువ కరెంటు పెట్టించుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్ళు ఆ సందులో ఉండరు, పెద్ద రోడ్డు మీద ఉంటారు. ఒక్కసారి పెంచుకుంటే సర్కారు రాయితీ పోతుంది, మళ్ళీ దణ్ణం పెట్టినా రాదు. బీదవాడు ఒక మెట్టు ఎక్కగానే కింది మెట్టు పీకేసే ఏర్పాటు అది.

అలాంటి ఇంట్లో కంప్యూటరు పెడతానన్నాడు మర్జుకి.

మీసాలు మొలవక ముందు బడి మానేసి, అందరూ అయ్యగారన్నట్టు 'పాక్' అని పిలిచే గునాది ప్రెస్సులో చేరినవాడు అతను. సిరా డబ్బాలు మోశాడు, కాగితం కోశాడు. ప్రెస్సుకి కంప్యూటరు వచ్చాక దాని ముందు కూర్చుని పేజీలు కట్టడం నేర్చాడు. జుట్టు నెరిసేసరికి గునాదికి కొత్త మెషీనూ, దాన్ని నడిపే కొత్త కుర్రాళ్ళూ వచ్చారు. "పని పెరగగానే నీకే ముందు కబురు పెడతా" అని భుజం తట్టి మరీ పంపించాడు. పని పెరిగింది. కబురు రాలేదు. ఆ భుజాన్ని మర్జుకి ఇప్పటికీ అప్పుడప్పుడు దులుపుకుంటాడు.

సందు చివర ఉండే, అందరూ అమ్మగారన్నట్టు 'బూ' అని పిలిచే లస్త్రికి భర్త పోయాడు. నూరో రోజు ప్రార్థనకి వచ్చినవాళ్ళకి పంచడానికి యాసిన్ పుస్తకాలు కావాలి. మొదటి పేజీలో పోయినాయన ఫొటో, ఇంట్లోవాళ్ళ పేర్లు, లోపల ఖురానులోని యాసిన్ అధ్యాయం, ప్రార్థనలు. వెనక అట్ట మీద అచ్చు వేసినవాడి పేరు ఉంటుంది. ఆ పేరు ఎవరిదైతే తర్వాతి చావు పని వాళ్ళదే. ప్రెస్సుల బతుకు అలాగే నడుస్తుంది. పేజీ ఇంట్లో కడితే అచ్చు ఎక్కడైనా వేయించుకోవచ్చని మర్జుకి లెక్క.

"ముందు నీకే చెబుతున్నా మర్జుకీ," అంది లస్త్రి. "శుక్రవారం నమాజు అయ్యాక వస్తా. నీ ఇంట్లో, నీ మెషీను మీద ఒక్క పేజీ కట్టి చూపించు. లేదంటే గునాది దగ్గరికే పోతా. ఏమీ అనుకోకు, చావు పని మళ్ళీ మళ్ళీ చేసేది కాదు."

ఇంట్లో రెండో షరతు పెళ్ళాం తుమినాది. ఆమె పుల్లైసు అమ్ముతుంది. ఆ ఇల్లు గడుస్తున్నది ముందు గది మూలనున్న ఫ్రీజరు మీదే. ఆ ఊళ్ళో మగవాళ్ళని మర్యాదగా పిలిచే 'చాక్' అన్న మాటే మొగుడికీ వాడుతుంది.

"నా ఐసు ఒక్కసారి కరిగిందా చాక్, నీ కంప్యూటరు మురిక్కాలవలో పడవై తేలుతుంది. చెప్పలేదనేవు."

"కరగదు."

"నువ్వేమన్నా ఐసువా, కరగదని చెప్పడానికి?"

తుమినా తమ్ముడు జుమాదికి ప్రపంచంలో తెలియని సంగతి లేదు, చేసే పని మాత్రం లేదు. "కంప్యూటర్లో ఒక కరెంటు డబ్బా ఉంటుంది చాక్, దాని మీద నాలుగువందల యాభై వాట్లు అని అచ్చేసి ఉంటుంది. అంటే ఇల్లంతా దానికే ధారపోయాలి. అక్క ఐసుకి నువ్వు విసనకర్రతో విసురుతావా?"

సందులో అందరి లెక్కా అదే. డబ్బా మీది అంకె చూస్తారు, దణ్ణం పెట్టి వచ్చేస్తారు.

"అది ఎంత పెట్టగలదో చెప్పే అంకెరా," అన్నాడు మర్జుకి. "పెద్ద గిన్నెలో గుప్పెడు బియ్యం వండుకోకూడదా? తినేది లోపలున్న ప్రాసెసరు. దాని ఆకలి తెలుసుకుంటే చాలు."

మోటారుసైకిలు అమ్మి, ఆ డబ్బు చొక్కా లోపలి జేబులో పెట్టి గుండుసూది గుచ్చుకుని బస్సెక్కాడు.

పాత సామాన్ల బజారు రెండో అంతస్తులో దుల్ కొట్టు. మనిషి చిన్నవాడు, నోరు పెద్దది. మర్జుకి అడిగింది విని పగలబడి నవ్వాడు.

"చాక్, ఈ కొట్టుకొచ్చిన ప్రతివాడూ ఎంత వేగం అని అడుగుతాడు. ఎంత తింటుంది అని అడిగింది మీరొక్కరే. కంప్యూటరు కొంటున్నారా, కోడలిని తెచ్చుకుంటున్నారా?"

"కోడలైతే మాటలు పడుతూ తింటుంది. ఇది పడదు. నీ దగ్గర వాట్లు చూపించే మీటరు ఉందా, గోడకీ ప్లగ్గుకీ మధ్యన పెట్టేది?"

"ఉంది. దాన్ని అడిగిన మొదటివాడూ మీరే."

మొదట ఒక బుల్లి బోర్డు పెట్టాడు దుల్. ప్రాసెసరు దానికే అతికించి వచ్చింది, వేరే కొనక్కర్లేదు, ధర కూడా తక్కువే. మీటరు పది దాటలేదు. మర్జుకి ముఖం వికసించింది. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, ప్రెస్సులో పనిచేసిన రోజుల నాటి పాత యాసిన్ పేజీ ఒకటి తెరిచాడు. ఫొటో సగం వచ్చి ఆగింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పక్క కొట్టువాడు కాఫీ తాగి గ్లాసు కడుక్కొచ్చాడు, ఇంకా తిరుగుతోంది.

"దీని మీద పుస్తకం కట్టేసరికి ఆయనకి వెయ్యో రోజు వస్తుంది. తీసెయ్."

రెండోది పెద్దది. ఒకప్పుడు ఆటల పిచ్చోళ్ళు ఎగబడి కొన్న ప్రాసెసరు. పేజీ ఇలా నొక్కితే అలా వచ్చి కూర్చుంది. దానితోపాటు మీటరూ లేచి నూట ముప్పై దాటింది. మర్జుకి చెయ్యి గుండుసూది దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చింది.

"అలా బెంబేలు పడకండి," అన్నాడు దుల్. "దీనికి పగ్గం ఉంది. సెట్టింగుల్లోకి పోయి ముప్పై అయిదు దాటి తినకూడదని రాస్తే, దాటదు. చూడండి." రాశాడు. నిజంగానే మీటరు దిగొచ్చింది. పేజీ కొంచెం నిదానంగా అయినా బాగానే వచ్చింది. "ఎక్కువ తినకుండా పుట్టినవి వేరే ఉన్నాయి, పేరు చివర టి అక్షరం ఉంటుంది. ఆఫీసుల్లో పల్చటి కంప్యూటర్లలోంచి పీకినవి. కానీ వాటికి గిరాకీ, ధర ఎక్కువ. పగ్గం వేసిన ఇదీ, అదీ ఒకటే పని చేస్తాయి. మీరు అన్నలాంటివారు కాబట్టి చెబుతున్నా, డబ్బు దండగ చేసుకోకండి."

మాట సబబుగానే ఉంది. ఇది తీసుకుంటే మిగిలిన డబ్బుకి మంచి బాడీ, అంటే పైన తొడిగే పెట్టె, వస్తుంది, పెద్ద డిస్కు వస్తుంది. "సరే, కట్టు" అనేశాడు మర్జుకి. దుల్ ప్లగ్గు పీకాడు. పీకగానే మర్జుకికి ఏదో తోచింది.

"ఒకసారి మళ్ళీ పెట్టు."

"ఇప్పుడేగా చూశారు?"

"మా ఇంట్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పోయి వచ్చాక ఎలా ఉంటుందో చూడాలి."

దుల్ విసుక్కుంటూ పెట్టాడు. తెర మీద తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపించింది. మర్జుకి పేజీ తెరిచాడు. మీటరు మళ్ళీ నూట ముప్పై. పగ్గం లేదు.

"ఓ, అదా! బోర్డు మీద గుండీలాంటి సెల్లు చచ్చిపోయింది చాక్. అది చస్తే రాసినవన్నీ మర్చిపోతుంది. కొత్తది వేస్తా, ఒక టీ ఖరీదు కూడా ఉండదు."

"ఆ కొత్తది చచ్చే ముందు నాకు కబురు పెడుతుందా?"

దుల్ నవ్వబోయి అతని ముఖం చూసి మానుకున్నాడు.

మర్జుకి కళ్ళ ముందు మొత్తం ఆడింది. ఏదో ఒక రోజు మీటరు స్విచ్చి పడుతుంది. తను వెళ్ళి పైకి లేపుతాడు. ఇది ఇచ్చిన మాట మర్చిపోయి పాత ఆకలితో లేస్తుంది. మళ్ళీ పడుతుంది. మళ్ళీ లేపాలి. ఈలోగా ఐసు కారిపోతుంటుంది. వెలుగున్నంతసేపు ఒప్పుకుని, చీకటి పడగానే మర్చిపోయే మాటలు అతనికి కొత్త కాదు. భుజం దులుపుకున్నాడు.

"ఆ టి ఉన్నది తియ్యి."

"చాక్, లెక్క చూసుకోండి. బాడీకి మిగలదు."

"బాడీ వద్దు."

"డిస్కు కూడా చిన్నదే వస్తుంది."

"చిన్నదే ఇయ్యి. రోజూ బతిమాలి తక్కువ తినిపించేది నాకొద్దు. కడుపే చిన్నదిగా పుట్టినది కావాలి. ఇదే బోర్డు మీద కూర్చుంటుందా?"

"కూర్చుంటుంది. కానీ బాడీ లేకుండా ఏంటి చాక్, బట్టల్లేని మనిషిలా?"

"బట్టలు నేను కుడతాలే."

టి ఉన్నదాన్ని బిగించి, చచ్చిన సెల్లుతోనే ప్లగ్గు పీకి పెట్టించి చూశాడు మర్జుకి. పేజీ కట్టేటప్పుడు మొత్తం మీద నలభై దాటలేదు. మళ్ళీ పీకించాడు, మళ్ళీ పెట్టించాడు. చివరికి దుల్ చేతులు జోడించి, కొత్త సెల్లు ఊరికే ఇచ్చి పంపించాడు.

ఇంట్లో రొయ్యల అప్పడాలు పోసుకునే పాత రేకు డబ్బా ఒకటి ఉంది, ముందువైపు అద్దం ఉన్నది. మేకుతో వెనక గాలి రంధ్రాలు కొట్టి, లోపల చెక్కముక్కల మీద బోర్డు కూర్చోబెట్టాడు. అద్దంలోంచి చిన్న ఫ్యాను తిరగడం కనిపిస్తుంది.

"నా అప్పడాల డబ్బా!" అంది తుమినా.

"అప్పడాలు సంచిలో పెట్టుకో."

"కిలో ఎంత చాక్?" అని అద్దంలోకి తొంగిచూశాడు జుమాది. "కారం వేసినవా, చప్పవా?"

శుక్రవారం నమాజు అయ్యాక లస్త్రి నల్ల ముసుగు సర్దుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. సంచిలోంచి భర్త ఫొటో తీసి ఇచ్చింది. మర్జుకి దాన్ని ఫోనుతో తీసుకుని తెర మీద పెట్టాడు. మూలన ఫ్రీజరు గురగుర మొదలుపెట్టింది. వంటింట్లో కుక్కరు మీద దీపం వెలుగుతోంది. అప్పడాల డబ్బాలో ఫ్యాను జోరందుకుంది. ఫొటో వచ్చి చట్రంలో కూర్చుంది. మీటరు స్విచ్చి కదల్లేదు. మర్జుకి ఊపిరి కూడా కొలిచి పీలుస్తున్నాడు. పేరు కొట్టాడు. కింద పిల్లల పేర్లు మొదలుపెట్టాడు.

జెగ్లెక్.

తెర నల్లబడింది. ఫ్రీజరు ఆగిపోయింది. బయట సందు "ఓహో!" అంది. అన్నిటికన్నా పైన జుమాది గొంతు: "చెప్పానా! నాలుగువందల యాభై అని చెప్పానా!"

లస్త్రి లేచి సంచి భుజాన వేసుకుంది. "పోనీలే మర్జుకీ. నువ్వు కష్టపడ్డావు, నేను చూశాను. కానీ..."

"కూర్చోండి బూ."

"అదికాదు, నాకు టైము..."

"ఒక్క నిమిషం కూర్చోండి." ఆ గొంతు విని ఆమె కూర్చుంది.

వెనక గదిలోకి వెళ్ళాడు. తుమినా ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. సిగ్గుపడుతోందా, మొండికేస్తోందా అన్నది ఆమెకే తెలియనట్టుంది.

"కేకెయ్యలేదేం?"

"పరీక్ష అన్నావుగా. కేకేస్తే పరీక్షేంటి? నాకు తెలియాలి కదా, రేపు నా ఐసు ఏమవుతుందో."

మర్జుకి ముందు గదిలోకి వచ్చి కంప్యూటరు ప్లగ్గు గోడలోంచి పీకి, తీగ పొడుగునా లాగి కిటికీలోంచి బయటికి వేలాడదీశాడు. "జుమాదీ, ఇది పట్టుకో. గట్టిగా పట్టుకో. అందరికీ చూపించు." మీటరు స్విచ్చి పైకి లేపాడు. ఫ్రీజరు గురగురలాడింది, కుక్కరు దీపం వెలిగింది.

"తుమినా! ఇస్త్రీ పెట్టు!"

"పెట్టనా?"

"పెట్టమంటున్నాగా!"

కొంచెంసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత, జెగ్లెక్.

బయట "ఓహో" సగంలో ఆగింది. కిటికీ అవతల జుమాది చేతిలో ప్లగ్గు ఉరి తీసిన పాములా వేలాడుతోంది. ఎవరో ముందు నవ్వారు. "ఓరి జుమాదీ, నీ చేతిలోంచే తినేసిందేంట్రా కరెంటు?" అంది పక్కింటావిడ. సందు సందంతా విరగబడి నవ్వింది. కుర్చీలో లస్త్రి కూడా ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త పోయాక ఆమె నవ్వగా ఎవరూ చూడలేదు.

"పెళ్ళయిన నాటి నుంచీ కుక్కరూ ఇస్త్రీ ఈ ఇంట్లో కలిసి నడిచిన రోజుందా?" అని అడిగాడు మర్జుకి, ఎవరినీ చూడకుండా.

"లేదు," అంది తుమినా లోపల్నుంచి. ఇస్త్రీపెట్టె నేలకి తగిలిన చప్పుడైంది. "ఫ్రీజరు ముందు లేపు చాక్, తర్వాత అడుగుదువుగాని."

స్విచ్చి లేపాడు. జుమాది దగ్గర్నుంచి ప్లగ్గు లాక్కుని గోడకి పెట్టాడు. డబ్బాలో ఫ్యాను తిరిగింది. కట్టిన పేజీ పోయింది, మధ్యలో సేవ్ చేసుకోలేదు. మొదటినుంచీ మొదలుపెట్టాడు. చట్రం, ఫొటో, పేరు. మీటరు నిశ్శబ్దంగా ఉంది. లస్త్రి కుర్చీ ముందుకి జరుపుకుని తెరలోకి చూసింది.

"ఈ ఫొటోలో మరీ కోపంగా ఉన్నాడు," అంది. "ఆయన అంత కోపిష్టి కాదు. ఇంట్లో ఇంకోటుంది, మనవడితో తీయించుకున్నది. తెస్తానుండు."

"తీసుకురండి బూ. ఈలోగా పేర్లు కొడతా. ముందు పెద్దమ్మాయా, పెద్దబ్బాయా?"

"పెద్దబ్బాయి. వాడికి పట్టింపులెక్కువ." ఆమె సంచి కుర్చీ మీదే వదిలేసి గడప దాటింది.

తుమినా అన్నం పళ్ళెం తెచ్చి డబ్బా పక్కన పెట్టింది. "తినేసి చెయ్యి."

"ఈ పేజీ అయ్యాక," అన్నాడు మర్జుకి, కళ్ళు తెర మీంచి తీయకుండా.