మోస్తానన్న బరువు

నవ్వు నాలుగు విధాల చేటు అంటారు. ఆ నాలుగూ ఏమిటో నాకు తెలీదు గానీ ఐదోది నేను కనిపెట్టాను. కనిపెట్టి ఊరుకోలేదు, మైకు పెట్టి మరీ ఊరందరికీ వినిపించాను.

నా పేరు యోపీ. పగలు కొండ మీది తొమొహోన్ నుంచి సముద్రం ఒడ్డున మనాడో దాకా నీలం మినీబస్సు తోలతాను. శనివారాలు పెళ్ళిళ్ళలో మైకు పడతాను. బస్సుకి బ్రేకులున్నాయి, నాకు లేవు. మైకు చేతికొస్తే చాలు, మైకం కమ్మేస్తుంది. "యోపీ ఉంటే వేరే బ్యాండు దేనికి?" అని మావాళ్ళంటే పొగడ్తే అనుకున్నాను ఇన్నాళ్ళూ. జనాన్ని ఎలా వాయిస్తున్నానో చెప్తున్నారని ఈమధ్యే అర్థమైంది.

మా చర్చి సంఘంలో ఇరవై ఇళ్ళకో గుంపు. కోలోం అంటాం. బుధవారం సాయంత్రం ఎండబెట్టిన లవంగాలు ఎత్తి, పట్టాలు మడిచి, పాటల పుస్తకాలు చంకన పెట్టుకుని, ఆ వారం ఎవరి వంతైతే వాళ్ళింట్లో చేరతాం. వంతు తప్పదు. ఇంట్లో జ్వరాలొచ్చినా, మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోకపోయినా, లోకోన్ కొండ బూడిద కక్కినా సరే, నీ వంతు బుధవారం నీ తలుపు తెరుచుకోవాలి, పొయ్యి మీద పందిమాంసంతో చిక్కుడుగింజల పులుసు ఉడకాలి.

పాటలూ బైబిలు వాక్యమూ అయ్యాక మా సంఘపెద్ద నోంచే అక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. "ఎవరికేం బరువుంది?" అంటుంది. ఎవరో ఒకరు విప్పుతారు. "ఎవరు మోస్తారు?" అంటుంది. ఇంకొకరు చెయ్యెత్తుతారు. ఎత్తినవాడు అక్కడే లేచి నిలబడి పైకి ప్రార్థన చెయ్యాలి. ఆ తర్వాత వారం రోజులూ ఇంట్లో ఆ మనిషి పేరు పెట్టి ప్రార్థించాలి. ఎవరూ తనిఖీ చెయ్యరు. నాకు దేవుడు కాస్తోకూస్తో తెలిశాడంటే ఆదివారం బల్ల మీద కునుకుతూ కాదు, బుధవారాలు పక్కింటివాళ్ళ బరువుల కింద నలుగుతూనే. అలాంటి చోట నేను చేసిన పని చెప్తాను.

ఫ్రిట్స్ అన్న వడ్రంగి. మా దగ్గర చెక్క ఇళ్ళు కట్టి, విప్పి, లారీలకెక్కించి పంపుతారే, ఆ పని. రోజుకి పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు కొలతలే. భార్య అల్చే వదిన పోయి పదకొండు నెలలైంది. ఆ బుధవారం ఎవరూ అడక్కుండానే నోరు విప్పాడు.

"నాకు ప్రార్థన రావట్లేదక్కా."

"ఎందుకు తమ్ముడూ?"

"కళ్ళు మూసుకుని 'ప్రభువా' అందామనుకుంటే 'అల్చే' అని వస్తోంది. ఇంక ఆవిడతోనే మాట్లాడేస్తున్నాను. బియ్యం అయిపోయాయనీ, చూరు కారుతోందనీ. తప్పేమో తెలీదు. మానలేకపోతున్నా. ఎవరైనా నా బదులు..." అక్కడితో ఆగిపోయాడు.

నోంచే అక్క గొంతు సవరించుకుంది. "ఎవరు మోస్తారు?"

ముందు లేచింది నా చెయ్యే. పదిమందిలో నా చెయ్యి ఎప్పుడూ నాకన్నా తొందరపడుతుంది. లేచి ఎంత బాగా ప్రార్థించానంటే, ఆడవాళ్ళు కొంగులూ రుమాళ్ళూ వెతుక్కున్నారు. వెళ్ళేటప్పుడు ఫ్రిట్స్ అన్న నా చేతిని రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడు. గరుకు కాగితంలా ఉన్నాయి ఆ చేతులు. ఏమీ అనలేదు, ఆ రోజు పది మాటలూ అయిపోయాయి కాబోలు.

ఆ వారంలో ఒక్క రోజైనా నేను ఆయన పేరు దేవుడి దగ్గర ఎత్తలేదు. మోస్తానన్నవాణ్ణే మోసం చేశాను. మర్చిపోయానంటే కొంత మర్యాదగా ఉండేది. మర్చిపోలేదు. గురువారం పొద్దున్నే బస్సు కొండ దిగుతుంటే ఆయన మాటలు గుర్తొచ్చాయి. గుర్తొచ్చి నేననుకున్నది, "అరె, ఇది భలే పనికొస్తుందే!"

ఆ తర్వాత మూడో శనివారం ఓ పెళ్ళి. వెదురు పందిరి, నాలుగొందల మంది, నా చేతిలో మైకు. పెళ్ళికొడుకు మొహం చూసి అందుకున్నాను.

"ఒరే అబ్బాయ్, పెళ్ళాం చస్తేనైనా పోరు తప్పుతుందనుకుంటున్నావా? పోయి మా ఫ్రిట్స్ అన్ననడుగు! స్వర్గానికి ఫోన్ కొడితే దేవుడెత్తట్లేదట, వదినే ఎత్తుతోందట! 'ప్రభువా' అంటే, 'ప్రభువు సంగతి తర్వాత, బియ్యం తెచ్చావా లేదా?' అంటోందట!"

పందిరి ఊగింది. ఒకాయన నవ్వలేక బల్ల మీద తల పెట్టేశాడు. అప్పుడు కనిపించాడు ఫ్రిట్స్ అన్న, మూడో బల్ల దగ్గర. చెంచా పళ్ళెంలో పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. లేచి, కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి తోసి, బయటికి నడిచాడు.

అక్కడైనా నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ సగం సిగ్గుతో పోయేది. మూసుకోలేదు. ఆయన వీపు చూపిస్తూ మైకులో అన్నాను, "చూడండి చూడండి, ఫోన్ వచ్చినట్టుంది!"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నాది పెదవి దాటి, మైకు దాటి, రెండు పెద్ద స్పీకర్లు దాటింది. చమత్కారం నాది, ఛీత్కారం మాత్రం చాలా మెల్లగా, బుధవారానికి వచ్చింది.

ఆ బుధవారం మా గుంపులోని వేలెం ఇంట్లో చేరాం. ఫ్రిట్స్ అన్న రాలేదు. "లారీ లోడు ఉందేమో" అన్నాను నేను. వాక్యమయ్యింది. నోంచే అక్క కళ్ళజోడు తీసింది.

"ఎవరికేం బరువుంది?"

వేలెం కొడుకు తాగుడు సంగతి అందరికీ తెలుసు. వాడు తోటలో పడి ఉంటే వేలెమే మోసుకొచ్చాడు. ఆ వారం చెప్పుకుంటాడనే అనుకున్నాం. వేలెం నోరు తెరిచాడు. నావైపోసారి చూశాడు.

"వానల కోసం," అన్నాడు.

"వానలా?"

"వానలేనక్కా. సకాలంలో పడాలని."

తర్వాతి ఆవిడా నన్ను చూసింది. లవంగాల ధర కోసమంది. ఆ తర్వాతి ఆయనా చూశాడు. దేశాన్నేలేవాళ్ళ ఆరోగ్యం కోసమన్నాడు. రద్దీ బస్సులో ఎవడో తగిలితే జేబు తడుముకుంటారే, అలా చూస్తున్నారు.

"సరే, వానల్ని ఎవరు మోస్తారు?" అంది నోంచే అక్క. నేనొక్కణ్ణే నవ్వాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ మెయిస్కేనడిగాను. "వేలెం ఏదో చెప్పబోయి వానలంటాడేంటి?"

"నువ్వున్నావుగా."

"నేనుంటే?"

"బుధవారం తర్వాత శనివారం వస్తుందిగా," అని అటు తిరిగి పడుకుంది.

ఇంకో రెండు వారాలు ఇలాగే నడిచింది. మా కోలోం వాతావరణ శాఖ అయిపోయింది. పాటలు పాడాం, పులుసు తాగాం, ఎండావానల కోసం దేవుణ్ణి వేడుకున్నాం. ఏ ఇంట్లో ఏం కాలుతోందో ఎవరూ చెప్పలేదు. ఇరవై ఇళ్ళు ఒక్క గదిలో కూచుని ఒంటరిగా ప్రార్థించుకుని వెళ్ళిపోయేవి. తాళం చెవి పోగొట్టినవాణ్ణి నేనే, ఆ గదిలో అందరికన్నా గట్టిగా పాడేదీ నేనే.

సోమవారం నోంచే అక్క చేప బన్నుల బుట్టతో నా బస్సెక్కి, నా పక్క సీట్లోనే కూచుంది.

"ఎల్లుండి ఫ్రిట్స్ వంతు," అంది.

"తెలుసక్కా."

"తన ఇల్లు దాటేసి పక్కింటికి పొమ్మన్నాడు."

"అదేంటి? ఎప్పుడూ అలా జరగలేదే!"

"ఎప్పుడూ జరగనివి నువ్వు చేశావుగా." బుట్ట మీద గుడ్డ సర్దుకుంది. "ఒక్కటి చెప్పు యోపీ. ఆ వారం ఎన్ని రోజులు మోశావు?"

"అంటే అక్కా, బరువు చూస్తే భారీది, బండి చూస్తే చిన్నది..."

"బండాపు."

"నీ స్టాపు ఇంకా..."

"ఆపు." దిగిపోయింది. అద్దంలో చూస్తే, ఎండలో బుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. అరవై ఏళ్ళ మనిషి. వెనక సీట్లలో వాళ్ళంతా విన్నారు. కొండ దిగేదాకా నా మెడ వెనక మంటగానే ఉంది.

మధ్యాహ్నం బస్సు పక్కన పెట్టి ఫ్రిట్స్ అన్న పని దగ్గరికెళ్ళాను. చిత్రిక పడుతున్నాడు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వెళ్ళాను. నోరు తెరిస్తే వచ్చింది ఇది:

"అన్నా, నీ చిత్రిక కన్నా నా నాలిక పదును, కానీ నీది చెక్కుతుంది, నాది..."

ఆయన తల ఎత్తలేదు. చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా నా చెప్పుల మీద పడుతోంది. సిగ్గుతో మళ్ళీ మొదలెట్టాను.

"తప్పైపోయిందన్నా."

చిత్రిక ఆగింది. "నువ్వన్నదాంట్లో అబద్ధం లేదులే," అన్నాడు. "ఆవిడ బియ్యం సంగతే అడిగేది."

నాకు కొంచెం ఊపిరాడింది. ఆయన ఇంకా పూర్తి చెయ్యలేదు.

"ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆవిడ రావట్లేదు. నాలుగొందల మంది నవ్వుతున్నారు. దేవుడు ఎలాగూ అందట్లేదు. ఉన్న ఆవిడా పోయింది."

రెండోసారి చంపాను నేను అల్చే వదినని. జబ్బు మొదటిసారి చంపింది, దానికైనా కాస్త జాలి ఉంది, ఆర్నెల్లు టైమిచ్చింది.

"అన్నా, నేను కోలోంకి రావడం మానేస్తాను," అన్నాను. "ఒట్టు. నా మొహం చూపించను. నువ్వు మాత్రం తలుపు తియ్యి. నీ ఇల్లు దాటి పోవద్దన్నా."

ఆయన చాలాసేపు చెక్క మీద అరచెయ్యి ఆడించాడు, గరుకు ఎక్కడుందో చూసుకుంటూ.

"మానెయ్యడం నీకు సులువు."

"కాదన్నా, నిజంగా..."

"నాకూ సులువే. నేను మానేసి చూశాగా. మూడు వారాలు. ఇంట్లో కూచుని ఇంకా ఎండిపోయాను." చిత్రిక మళ్ళీ అందుకున్నాడు. "చెయ్యెత్తింది నువ్వు. ఇంకా దించలేదు. బుధవారం తలుపు తీస్తాను. వచ్చెయ్."

బుధవారం ఇరవై ఇళ్ళ వాళ్ళం ఆ చెక్క మెట్లెక్కాం. పులుసు ఆయనే కాచాడు, నీళ్ళలా ఉంది, అందరూ రెండోసారి వేయించుకున్నారు. నేను గుమ్మం దగ్గర నేల మీద కూచున్నాను. కుర్చీ ఖాళీ ఉంది, ఎవరూ రమ్మనలేదు, నాకూ అడిగే మొహం లేదు.

నోంచే అక్క కళ్ళజోడు తీసింది. "ఎవరికేం బరువుంది?"

ఈసారి వానలు కూడా రాలేదు. ఫ్రిట్స్ అన్న అన్నాడు, "నాది పాతదే."

"ఎవరు మోస్తారు?"

నా చెయ్యి తొందరపడలేదు. మోచెయ్యి దాకా లేచి ఆగింది. ఇరవై ఇళ్ళూ చూస్తున్నాయి. మెయిస్కే తల దించుకుంది. మిగతాది ఎలా ఎత్తానో నాకే తెలీదు.

లేచి నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. ముందుగా ఏమొచ్చాయో చెప్తే నన్ను మీరు కూడా బస్సు దింపేస్తారు. జోకులొచ్చాయి. ఒకటి కాదు, మూడు. నాలుక చివర వరసలో నిలబడ్డాయి. పళ్ళు బిగించి మూడింటినీ మింగాను. మింగాక లోపల ఇంకేమీ లేదు. నలభై ఏడేళ్ళ నోట్లో దేవుడికి చెప్పడానికి ఒక్క మాట లేదు. అందరూ వింటున్నారు, నేను మింగిన చప్పుడు కూడా.

"ప్రభువా," అన్నాను చివరికి. "ఫ్రిట్స్ అన్న పేరు నీ దగ్గర ఒక్కసారీ ఎత్తలేదు. మైకులో ఎత్తాను."

ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్ళ తప్పు కాదు. ఈ గొంతు వింటే నవ్వాలని నేనే అలవాటు చేశాను. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆగిపోయాక ఇంకా కష్టమైంది.

"ఆయన మాట్లాడుకునే చోట నేను జనాన్ని పోగేశాను. వాళ్ళని బయటికి పంపెయ్యి. నన్ను ముందు పంపు. ఆయనకి ఎవరో ఒకరు పలకాలి. నువ్వైనా, ఆవిడైనా." ఆమేన్ అనాలి. అనకుండా అలాగే నిలబడ్డాను, గుమ్మం దగ్గర, అందరి చెప్పుల పక్కన.

ఎవరూ ఆమేన్ అనలేదు. అంతలో వేలెం, ఎవరూ అడక్కుండానే, కళ్ళు మూసుకునే అన్నాడు, "ప్రభువా, మావాడు తాగుతున్నాడు. వాణ్ణి కొట్టాను. నాకు భయంగా ఉంది."

"నేను మోస్తాను," అంది మెయిస్కే, చెయ్యి కూడా ఎత్తకుండా.

ఇంతవరకూ చెప్పుకోమని ఫ్రిట్స్ అన్నా, వేలెం ఇద్దరూ ఒప్పుకున్నారు. "నాలుగొందల మంది అది విన్నారు, ఇదీ విననీ" అన్నాడు ఫ్రిట్స్ అన్న. అందుకే చెప్పాను.

ఆ బుధవారం ప్రార్థనల మధ్యలో నేను ఒక కన్ను తెరిచాను. పాడు అలవాటు. కిటికీ పక్కన ఫ్రిట్స్ అన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. పది మాటలు దాటాయి, ఇరవై దాటాయి, ఇంకా కదులుతూనే ఉన్నాయి. దేవుడితోనా, ఆవిడతోనా? నేనడగలేదు. రేపెప్పుడైనా ఆయనే చెప్పినా, మీకు చెప్పను.