ఎర్ర బండికి బొట్టు

బండికి పూజ చేస్తే అమ్మవారి చల్లని చూపు బండి మీద పడుతుందా, దాన్ని నడిపేవాళ్ల మీద పడుతుందా అన్న అనుమానం కుర్మయ్యకు ఏళ్ల తరబడి ఉంది. మైసమ్మ గుడి పూజారినే ఒకసారి అడిగాడు. ఆయన హారతి పళ్లెం దించకుండానే, భక్తితో చెయ్యి, ఎవరికి చెందాలో అమ్మకు తెలుసు అన్నాడు. కుర్మయ్య తలూపాడు గానీ అనుమానం తలూపలేదు.

మేడ్చల్‌లో పిండి గిర్ని నడుపుకునే మనిషికి ఈ తంటా ఎందుకంటే, ఆయన కూతురు భవిత రేసులు నడుపుతుంది. శామీర్‌పేట దిక్కున్న ట్రాక్ మీద, నేలకు ఆనుకుని పరుగెత్తే, పైకప్పు లేని చిన్న బండ్లు. కార్టులంటారు. వీరేందర్ అనే ఆయన టీమ్‌లో చేరి, ఆయన దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చింది. ప్రతి రేసుకు ముందు కుర్మయ్య వెళ్లి వాళ్ల ఎర్ర బండికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాడు.

ఈ ఏడు భవిత టీమ్ మారింది. వీరేందర్ దగ్గర చిన్న బండ్లే ఉన్నాయి. రఘునందన్ టీమ్‌కు పెద్ద రేసు కార్లున్నాయి, పిలిచారు. పిలిచి ఒక మెలిక పెట్టారు. ముందు తమ నీలం కార్టు నడిపి మొదటి ముగ్గురిలో రావాలి. వస్తే పెద్ద కారు, రాకపోతే ఇంటిదారి.

గిర్నికి వచ్చినవాళ్లకు పిండి కన్నా ఈ ముచ్చటే మెత్తగా తోచింది. తుర్కపల్లి ల్యాబులో పనిచేసే ఒకాయన, కంపెనీ మారితే జీతం పెరుగుతుందని భరోసా ఇచ్చాడు. జయమ్మ గోధుమల డబ్బా దించుతూ, పాతకాడ బిడ్డ లెక్క ఉన్నది, కొత్తకాడ కోడలి లెక్క ఉండాలె అని తేల్చేసింది. కుర్మయ్య డబ్బా అందుకుని గోధుమలు గిర్నిలో పోశాడు. వదిలి వెళ్తున్నామని చెప్పిన రోజు వీరేందర్ "మంచిది" అని ఊరుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ లేదు. అది కుర్మయ్యను లోపల కొరుకుతూనే ఉంది.

రేసు రోజు పొద్దున భార్య దుర్గాబాయి, బండి నీలంది, యాదుంచుకో అని గడప దాటేదాకా చెబుతూనే ఉంది. యాదుంచుకున్నాడు కూడా. కానీ ట్రాక్ మీదికి వెళ్లి, సగం కళ్లు మూసుకుని అమ్మ పేరు జపిస్తూ నడిస్తే, కాళ్లు అలవాటైన చోటికే పోయాయి. బండికి బొట్టు పెట్టాడు. నిమ్మకాయలు పెట్టాడు. లోపల కూర్చున్న సన్నటి పిల్ల హెల్మెట్ మీద చెయ్యి వేసి దీవించాడు. హెల్మెట్ భక్తిగా వంగింది.

"నాయినా," అని వెనక నుంచి భవిత పిలిచింది.

నీలం బండి పక్కన నిలబడి ఉంది. ఎర్ర బండిలో ఉన్నది ఆమని, భవిత స్థానంలో కొత్తగా వచ్చిన నాగారం పిల్ల. హెల్మెట్ అద్దం పైకెత్తి, పెద్దలు దీవిస్తుంటే ఒద్దనొద్దని మా అవ్వ చెప్పింది అని సిగ్గుపడింది.

పెట్టిన బొట్టు తుడవకూడదు. నిమ్మకాయలా, అయిపోయాయి. కుర్మయ్య ముఖం చూసి భవితకు నవ్వాగలేదు.

"నేను టీమ్ మారిన సంగతి అమ్మవారికి జెప్పలేదా ఏంది?"

కుర్మయ్య సంచి తడిమి చూశాడు, ఏమీ మిగల్లేదు. ఖాళీ చెయ్యే కూతురి తల మీద పెట్టాడు.

రేసు మొదలైంది. ఎర్ర బండి ముందుంది. నీలం బండి ఎక్కడో వెనకబడి, మలుపు మలుపుకీ ఒకరిని దాటుకుంటూ వచ్చింది. కుర్మయ్య ఎర్ర బండి ఆగిపోవాలని మొక్కబోయి, తను దీవించిన పిల్లే కదా అని మానుకున్నాడు. చివరికి ఆమని మొదట, భవిత ఆమె వెనకే వచ్చారు.

రఘునందన్ వచ్చి చెయ్యి కలిపాడు. "పెద్ద కారు మీ అమ్మాయిదేనండి. మలుపుల్లో బ్రేకు పట్టడం ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు."

ఆ మాట విన్నాక కుర్మయ్య అక్కడ నిలవలేకపోయాడు. నేరుగా వీరేందర్ దగ్గరికి వెళ్లి, అన్నది అన్నట్టు చెప్పాడు. వీరేందర్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"బిడ్డను తీస్కపోయినవ్, అమ్మవారిని నాకు ఇడ్సిపెట్టినవ్. మంచిగనే పంచుకున్నం అన్నా."

"కోపమున్నదా తమ్మీ?"

"టీమ్ మారినందుకు లేదు. పెద్ద కారు నా తాన యాడున్నది? పిల్లను చేర్చిన నాడు వదిన చేతి సర్వపిండి తినిపిస్తనంటివి. సల్లారితే బాగుండది, ఇంటికే రావాలె అంటివి. పిలిచినవా మరి?"

కుర్మయ్య ఆయన్ను అప్పుడే తన స్కూటరెక్కించాడు.

దుర్గాబాయి ఇద్దరినీ కలిపి చూసింది. గిర్నిలో పట్టిన బియ్యప్పిండి కలిపి, సర్వపిండి రొట్టెను గిన్నె అడుగున ఒత్తి, పొయ్యి మీద పెట్టింది. పల్లీలు, నువ్వులు వేగే వాసనకు వీరేందర్ వంటింటి గడప దగ్గరే చతికిలబడ్డాడు. మొదటిది ఆయన పళ్లెంలోకే వచ్చింది. వేళ్లు కాల్చుకుని, ఊదుకుంటూ తిన్నాడు.

"ఇగ తీరిందన్నా," అని, రెండోదానికి పళ్లెం చాపాడు.