గోడవైపు తిరిగినవాడు విన్న శ్రుతి

గిటార్ ఇంకొకరి చేతికిచ్చే ముందు వైనానీ ఆంటీ తీగలన్నీ వదులు చేసేస్తుంది. మా దీవిలో, ఈ హీలో ఊళ్లో పాత కుటుంబాలు చాలావాటిది ఇదే పద్ధతి. ఇంటి శ్రుతి, అంటే ఏ తీగ ఎంత బిగిస్తారో, బయటివాళ్లకి తెలియకూడదు. గిటార్ బాగుచేసే నేను కూడా బయటివాణ్ణే.

"వేళ్లు బిగుసుకుపోయాయిరా మకోవా, తీగలు నొక్కలేకపోతున్నా. కాస్త మెడకి దగ్గరగా దించిపెట్టు. శనివారం మనవరాలి మొదటి పుట్టినరోజు. ఆ రోజు కూడా మా ఆయన కట్టిన పాట వాయించలేకపోతే ఇంక గిటార్ ముట్టను," అంది.

ఆయన పోయాక ఆ పాటకి కావలసిన ఇంటి శ్రుతి తెలిసింది ఆమె ఒక్కదానికే. కొడుక్కి పడవ, చేపలు తప్ప ఇంకేమీ పట్టవు.

మామూలు శ్రుతికి బిగించి, తీగల కింద ఉండే ఎముక పట్టీ అరగదీశాను. మెడ సరిచేశాను. హాయిగా పలికింది. నా భుజాలు నేనే చరుచుకున్నాను.

మర్నాడే వచ్చిపడింది. "ఏం చేశావురా? నా శ్రుతికి దించగానే కందిరీగల్లా జుమ్మంటోంది!"

నాకు ఒళ్లు మండింది. "ఏ తీగ ఎంత వదులు చేస్తావో చెప్పకపోతే నేనేమన్నా సోదె చెప్పేవాణ్ణా? తీగ వదులైతే ఊగి మెడ మీది మెట్లకి తగులుతుంది. నీ శ్రుతిలో పెట్టే సరిచెయ్యాలి ఆంటీ!"

"ఎవరికీ చెప్పనని ఆయనకి మాటిచ్చా."

"అయితే తీసుకెళ్లి గోడకి తగిలించుకో."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. నేను కొంచెం ఎత్తయిన పట్టీ వేస్తాను, ఆమె తన శ్రుతి చేసి వాయించి చూస్తుంది. ఆ సేపూ నేను చెవులు మూసుకుని గోడవైపు తిరగాలి. నలభై ఏళ్లవాణ్ణి, బడిలో తన్నులు తిన్న పిల్లాడిలా నిలబడ్డాను. పట్టీ మార్చినప్పుడల్లా ఇదే తంతు.

ఒకసారి ఎంతకీ పిలుపు రాలేదు. బయట వాన కురుస్తోంది.

"ఇటు తిరుగు," అంది. తీగ బిగించే బిరడా మీద ఆమె వేళ్లు బిగుసుకుపోయాయి. "ఇంక తిప్పలేను. నేను కూనిరాగం తీస్తా, నువ్వు బిగించు."

ఒక్కో తీగకీ ఒక్కో స్వరం పలికింది. విని బిగించాను. గిటార్ మెడలోని ఇనుప కడ్డీ కాస్త వదులు చేసి, మెట్టుమెట్టుకీ మీటి చూశాను. ఎక్కడా జుమ్మనలేదు. ఆమె గిటార్ ఒళ్లో పెట్టుకుని పాటంతా వాయించింది. "నొప్పి లేదురా!" అని నా చెంప మీద ఒక్కటిచ్చింది. ఆనందం పట్టలేక నేనూ నవ్వాను.

ఆమె అలవాటు ప్రకారం తీగలు వదులు చేద్దామని చెయ్యి చాపాను.

"ఉండనీ," అంది.

శనివారం విందులో పాట వాయించి, గిటార్ అలాగే చాప మీద పెట్టి భోజనానికి లేచింది. పాక్కుంటూ వచ్చిన మనవరాలు తీగల మీద అరచేత్తో చరిచింది. ఏ మెట్టూ నొక్కకుండానే ఇన్నాళ్లూ దాచిన ఇంటి శ్రుతి అందరి ముందూ నిండుగా మోగింది. అందరూ తింటున్న చేతులు ఆపారు. కొడుకు గబగబా వంగి గిటార్ తీయబోయాడు.

"దాన్ని వాయించుకోనీరా," అంది ఆంటీ. "నువ్వూ పక్కన కూర్చో."