పదహారు మంది బల్ల

ఆ బల్లను పన్నెండు మంది తీసుకొచ్చారు. మోయడానికి పదకొండు మంది, తిట్టడానికి ఒకడు. పై పలక మొత్తం ఒకే రాయి. అతుకు లేదు, మడత లేదు. చుట్టూ పదహారు మంది కూర్చుని ఎవరి మోచెయ్యి ఎవరికీ తగలకుండా తినొచ్చు. ఈ చివర ఉన్నవాడు ఆ చివర ఉన్నవాణ్ణి ఉప్పు అడిగితే, ఉప్పు చేతికొచ్చేసరికి అడిగినవాడి మీసాలు నెరిసిపోతాయని మోతగాళ్ళలో ఒకడన్నాడు. వాడి మాట అబద్ధమైతే కావచ్చు, బల్ల మాత్రం నిజం. సందులో దానికి ఎదురొచ్చిన కుక్క తిరగడానికి చోటు లేక వెనక్కి నడుచుకుంటూ వెళ్ళింది. ఆ సందులో కుక్క వెనక్కి నడవడం అదే మొదటిసారి.

బల్ల కొన్నది పెద్దాయన. పెద్ద కంపెనీలో చిన్న మేనేజరు. రాబోయే ఆదివారం పైఅధికారి పెళ్ళాంపిల్లలతో భోజనానికి వస్తున్నాడు. ఆయన తిని, త్రేన్చి, బాగుందని వెళితే తన హోదా ముందున్న ‘చిన్న’ ఎగిరిపోతుందని పెద్దాయన ఆశ. అందుకని భోజనాల గదిని టేపు పెట్టి నాలుగుసార్లు కొలిచాడు. పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, భార్య మాట విని ఎత్తు కూడా కొలిచాడు. వీధి గుమ్మం నుంచి ఆ గదికి వెళ్ళే నడవలో మలుపొకటుంది. దాన్ని మాత్రం కొలవలేదు. పుట్టినప్పటినుంచీ ఆ మలుపులో తను తిరుగుతూనే ఉన్నాడు కాబట్టి బల్లా తిరుగుతుందనుకున్నాడు.

బల్ల తిరగలేదు. నిలబెట్టారు, పడుకోబెట్టారు, ఏటవాలుగా తోశారు. నడవ గోడల సున్నం రాలింది గానీ బల్ల కదల్లేదు. చివరికి దాన్ని సందులోనే గోడకు చేరేసి మోతగాళ్ళు వెళ్ళిపోయారు. తిట్టేవాడు మాత్రం ఇంకాసేపుండి, మిగిలినవి కూడా తిట్టి వెళ్ళాడు.

ఇల్లు ఒకటే, వాటాలు రెండు. పక్క వాటాలో పెద్దాయన తమ్ముడు ఉంటాడు. గడియారాలు బాగు చేస్తాడు. అతని ముందుగది కిటికీ సందులోకి తెరుచుకుంటుంది. ఆ గది వెనక గోడకు అవతలే అన్నగారి భోజనాల గది. కిటికీ ఉన్న గోడ పడగొట్టి, వెనక గోడ పడగొడితే బల్ల బాణంలా దూసుకుపోతుంది. ఈ సంగతి పెద్దాయనకు పది నిమిషాల్లో తట్టింది. మరో పది నిమిషాల్లో తమ్ముడి గదిలో ఉన్నాడు.

తమ్ముడు కంటికి బుడ్డి అద్దం పెట్టుకుని, విప్పిన చేతిగడియారం మీద వంగి ఉన్నాడు. ఒకసారి గడియారం విప్పాడంటే మళ్ళీ మూసేదాకా కుర్చీలోంచి లేవడు. ఇల్లు తగలబడుతున్నా లేవడని సందులో అనుకునేవారు. ఇల్లెప్పుడూ తగలబడలేదు గనక ఆ ముక్క తేలలేదు. కానీ ఎవరిదో జేబు గడియారం విప్పి ఉందని తన పెళ్ళికి తనే రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళిన మాట వాస్తవం.

అందుకని పెద్దాయన అతనితో మాట్లాడలేదు. వంటగది గుమ్మంలో నిలబడ్డ అతని భార్యతో మాట్లాడాడు.

చిన్నకోడలు అంటే ఆ సందులో అందరికీ హడలు. ఆవిడ కోపంగా పలకరిస్తే గిన్నెలో పాలు విరిగిపోతాయని చెప్పుకునేవారు. అంత లేదు. కాస్త పులిసేవి, అంతే.

“చూడమ్మా, మార్కెట్లో నాకో కొట్టుంది, తెలుసుగా. మూడువైపులా అద్దాలు, పైన దీపాలు. అది వీడికిస్తాను. మీ ముందుగది నాకొదిలెయ్యండి. గోడలు తీయించుకుంటాను.”

చిన్నకోడలు గుమ్మంలోంచి ముందుకొచ్చింది. పదకొండేళ్ళుగా తోడికోడలి ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా, కిటికీలోంచి చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటూనే ఉంది. అద్దాల కొట్టు యజమాని భార్య! ఆ మాట నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఉంది.

“సరే బావగారూ,” అనేసింది.

“వద్దు,” అన్నాడు భర్త, అద్దం తియ్యకుండానే.

పెద్దాయన వెళ్ళేదాకా ఓపిక పట్టింది. తర్వాత ఒంటికాలి మీద లేచింది.

“వద్దా? ఎందుకు వద్దు? అద్దాల్లో మీ మొహం చూసుకోడానికి భయమా?”

“ఇక్కడ వెలుగు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కవైపు నుంచే వస్తుంది. నా చేతినీడ నా పనిమీద పడదు. అక్కడ తల మీద పదహారు దీపాలు. పదహారు నీడలు.”

“నీడలకి కొట్టొదులుకుంటారా?”

“నాకిది చాలు.”

ఆ ఇంట్లో ఆవిడకి ఒళ్ళంతా కారం రాసినట్టుండే మాట ఒకటుంటే, అది ‘చాలు’. కొత్త చొక్కా కుట్టించుకోమంటే చాలు. ఇంకో గది వేయిద్దామంటే చాలు. పెళ్ళయిన ఏడాదికే ఆ మాట గొంతు పిసకాలనిపించింది.

“మీకు చాలు! నాకు? నేనేమన్నా మీ గోడమీద గడియారాన్నా, మేకుకి తగిలిస్తే వేలాడ్డానికి?”

అతను గడియారం మూత బిగించి, అప్పుడు అద్దం తీశాడు.

“నీకంత కావాలనుంటే వెళ్ళి ఖాయం చేసుకో. నేను అడ్డం రాను. నా ఇష్టప్రకారమే జరిగిందని మాత్రం ఎవరికీ చెప్పకు.”

అరిస్తే తిరిగి అరవొచ్చు. ఇలా మాట్లాడే మనిషిని ఏం చెయ్యాలి? గది ఉంచడమో ఊడ్చెయ్యడమో ఆవిడ నెత్తినే పడింది. విసురుగా చెప్పులు తొడుక్కుని పక్కవాటాకి బయల్దేరింది.

వాటాలు వేరుపడ్డాక ఆ ఇంట్లోకి గుమ్మం దాటి వెళ్ళడం ఆవిడకదే మొదలు. పెద్దకోడలు తలుపు తీసి, “ఆ కార్పెట్టు మీద కాదు, పక్కనుంచి రా,” అంది. చిన్నకోడలు గోడనంటుకుని పీతలా నడిచింది. సోఫాలకు కొట్లో తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఉన్నాయి. కూర్చోబోయింది.

“అయ్యో, అక్కడ కాదు! నలుగుతుంది.”

“మరెక్కడక్కయ్యా?”

“రెండు ముక్కలేగా. నిలబడే మాట్లాడుకుందాం.”

ఆ రెండు ముక్కలూ పెద్దకోడలు వేళ్ళు మడిచి చెప్పింది. కొట్టు బోర్డు మీద పేరు పెద్దాయనదే. అక్కడ తుక్కు బాగుచెయ్యడాలు కుదరవు, కొత్త గడియారాలు అమ్మాలి. మరిదిగారు టై కట్టుకోవాలి. కంటికి ఆ బుడ్డి అద్దం పెట్టుకుంటే కొనేవాళ్ళు జడుసుకుంటారు కాబట్టి అదీ కుదరదు.

“ఇంకోటి. ఆదివారం నువ్వు పెరటివైపు నుంచి రా. వడ్డనకి మనిషి కావాలి.”

“నేనెవరని చెప్తారు?”

“ఏదో చెప్తాంలే. పనిమనిషంటే తప్పా ఏంటి, వడ్డించేది నువ్వేగా?”

చిన్నకోడలి నోటిదాకా ఒక మాట వచ్చింది. అది గనక బయటపడి ఉంటే ఆ సోఫా కవర్లు కరిగి కారేవి. కానీ కళ్ళముందు అద్దాల కొట్టు తళతళలాడుతోంది. మింగేసింది.

ఇంతలో పెద్దాయన భోజనానికి వచ్చాడు. లోపల మరదలుందని తెలియదు. సోఫాల పక్కనుంచి, కార్పెట్టు అంచునుంచి, తనూ పీతలాగే నడిచి నేరుగా వంటగదిలోకి పోయాడు. కంచంలో అన్నీ ఒకేసారి వేసుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని, గిన్నెలు తోమే తొట్టి దగ్గర నిలబడి తినసాగాడు. మెతుకు కింద పడితే తొట్టిలోనే పడాలి. కంచాన్ని గడ్డానికి ఆనించుకుని, గోడకేసి చూస్తూ గబగబా మింగుతున్నాడు. తొట్టి పక్కన ఒక బకెట్ బోర్లించి ఉంది. దానిమీద కూర్చుని తిని, లేస్తూ అక్కడే వదిలేసిన పెద్దకోడలి ఎంగిలి కంచం, ఇంకా కడగనిది.

“ఇక్కడా మీరు తినేది?” అంది చిన్నకోడలు.

పెద్దాయనకు పొలమారింది. పెద్దకోడలు మొహం కందగడ్డ అయింది.

“కుర్చీల కవర్లు తియ్యలేదు. తీస్తే మరకలు పడవూ?”

“అంతకుముందు పాత బల్లుండేదిగా?”

“దానికి గాజుపలక. గీతలు పడతాయి.”

“మరెప్పటినుంచి ఇలా?”

“సోఫా వచ్చినప్పటినుంచి. నీకెందుకే? వచ్చిన పనేదో చూసుకుని పో!”

సోఫా వచ్చింది ఎనిమిదేళ్ళ కింద. అది వచ్చిన రోజు చిన్నకోడలికి బాగా గుర్తు. ఆ రోజు ఈర్ష్యతో అన్నం మానేసి పడుకుంది. అంటే తను మంచమెక్కి ఏడ్చింది ఎవర్ని చూసి? బోర్లించిన బకెట్ మీద కూర్చుని తినే మనిషిని చూసి! ఆవిడకి జాలి వెయ్యలేదు. ఆ ఒంట్లో జాలి అనే పదార్థం తక్కువ. ఒళ్ళు మాత్రం భగ్గున మండింది. ఎనిమిదేళ్ళ ఏడుపు, తిరిగి రాని ఏడుపు, దండగపడిపోయింది. దానికి ఎవరో ఒకరి పీక పట్టుకోవాలి.

“మా గది మీకివ్వం,” అంది.

“ఏమిటీ?”

“కూర్చోడానికి ఒక్క కుర్చీ లేని ఇంట్లోకి పదహారు మంది బల్లా? మీరిద్దరూ దాని పక్కన నిలబడి తింటారా? దానికోసం మా గోడ పడగొట్టాలా?”

“నువ్వు మాటిచ్చావు!” అరిచాడు పెద్దాయన, నోట్లో ముద్దతో.

“వెనక్కి తీసుకున్నాను.”

“రేప్పొద్దున తాపీమేస్త్రీలొస్తున్నారు. అడ్డమొస్తే వస్తువులు వీధిలో పడతాయి, చెప్తున్నా!”

“పడెయ్యండి బావగారూ. వీధిలో ఇప్పటికే మీది ఒకటుంది,” అని, ఈసారి కార్పెట్టు నడిమధ్యనుంచి, చెప్పులతో నడుచుకుంటూ వచ్చేసింది.

మర్నాడు ఎండ కిటికీలోకి వచ్చీరాకముందే ఇద్దరు మేస్త్రీలు గునపాలతో దిగారు. వెనకాల పెద్దాయన, ఆఫీసుకి సెలవు పెట్టి. గడియారాలాయన కిటికీ కింద కూర్చుని ఒక గోడగడియారం విప్పి ఉన్నాడు.

“లేరా,” అన్నాడు అన్న.

“మూసి లేస్తాను.”

పెద్ద మేస్త్రీ గునపం దించాడు. “కింద మనిషి కూర్చుని ఉండగా గోడ మేం కొట్టమండి. మా పనిలో అది కుదరదు. ఆయన లేచాక పిలవండి.” ఇద్దరూ బయట బల్ల నీడలో చతికిలబడ్డారు.

చిన్నకోడలు ఇదంతా గుమ్మంలోంచి వింది. గోడవైపు చూసింది. గోడకి పదమూడు గడియారాలున్నాయి. బాగైన ప్రతి గడియారాన్నీ ఏడు రోజులు అక్కడ వేలాడదీసి, నిమిషం కూడా తప్పలేదని చూశాకే సొంతదారుకిస్తాడు భర్త. పదకొండేళ్ళలో ఆ గడియారాల మీద ఆవిడ దుమ్మయినా తుడవలేదు. ఇప్పుడు స్టూలెక్కి ఒకటి దించింది. తెచ్చి అతని ముందు పెట్టి, పనిబల్ల మీది చిన్న స్క్రూడ్రైవరు అందుకుని, వెనక మూత ఊడదీసింది.

“ఏయ్! అది నిన్ననే కట్టాను!”

“మళ్ళీ కట్టండి.”

ఇంకోటి దించింది. అదీ ఊడదీసింది. మూడోదానికి మర బిగుసుకుపోతే పళ్ళు కొరికి తిప్పింది. భర్త వెర్రికేకలు పెడుతున్నాడు. “దుమ్ము పడుతుందే! స్ప్రింగు! స్ప్రింగు ముట్టుకోకు!” కేకలు పెడుతున్నాడే గానీ కుర్చీలోంచి లేవడం లేదు. ముందు పద్నాలుగు గడియారాలు నోళ్ళు తెరుచుకుని ఉంటే ఎలా లేస్తాడు?

గోడమీద చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ గది నిశ్శబ్దమైంది. దాంతో పెద్దాయన అరుపు రెట్టింపు వినబడింది.

“ఇది కుట్ర! ఒరేయ్, నీ పెళ్ళానికి బుద్ధి చెప్పుకోరా!”

“చెప్తాను. ఇవి మూసి చెప్తాను,” అన్నాడు తమ్ముడు, చెమటలు కక్కుతూ.

“ఎన్ని గంటలు పడుతుంది?”

“గడియారాలన్నీ విప్పేసి ఉన్నాయి, ఎలా చెప్పను?”

పెద్దకోడలు కూడా వచ్చింది. “కుళ్ళు! వట్టి కుళ్ళుమోతుతనం! మేం బాగుపడితే చూడలేరు!”

“చూశానుగా,” అంది చిన్నకోడలు. “వంటగది దాకా వచ్చి మరీ చూశాను. సందంతా వినేలా చెప్పమంటారా, ఎక్కడ కూర్చుని తింటారో?”

పెద్దకోడలు గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా చూసి మేస్త్రీలు కూడా వేరే పనుందని గునపాలు భుజాన వేసుకున్నారు. మళ్ళీ ఎప్పుడొస్తారంటే, వచ్చే వారం దాటాక అన్నారు. ఆదివారం వాళ్ళకోసం ఆగదు.

పెద్దాయన కిటికీ చువ్వలు పట్టుకుని ఊపాడు. “ఇవాళ్టితో మీకూ మాకూ సరి! చచ్చేదాకా ఈ కిటికీ కిందే పడుండండి!”

“పడుంటాం,” అంది చిన్నకోడలు. “చువ్వలొదలండి, ఊడొస్తాయి.”

పద్నాలుగో గడియారం మూత బిగిసేసరికి పొద్దు వాలుతోంది. సందులో పెద్దాయన ఫోనులో ఎవరితోనో గొడవ పడుతున్నాడు. అమ్మిన బల్ల వెనక్కి తీసుకోనని కొట్టువాడు అంటున్నట్టున్నాడు. చిన్నకోడలు రెండు కంచాలు తెచ్చి, పనిబల్ల మీద పనిముట్లు పక్కకి నెట్టి పెట్టింది. స్టూలు లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది.

భర్త కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిజంగానే కోపంగా ఉన్నాడు.

“పదమూడింటికీ ఏడు రోజులు మళ్ళీ మొదటినుంచి లెక్క. వాళ్ళందరికీ ఏం చెప్పను?”

“మా ఆవిడకి పిచ్చెత్తిందని చెప్పండి. ఎవ్వరూ ఆశ్చర్యపోరు.”

అతను కంచంలో అన్నం కెలికాడు. “కొట్టు పోయినట్టేనా?”

“పోయింది.”

“ఏడుపొస్తోందా?”

“వస్తోంది. మూడువైపులా అద్దాలు మరి. నోరు మూసుకుని తినండి.”

అతను తిన్నాడు. ఆవిడ మాత్రం రెండోసారి కూడా వడ్డించుకుని, చివరి మెతుకు దాకా కూర్చునే తిన్నది.