ఫాలెస్ అవ్వ మొహం కుదిరిన సాయంత్రం

చర్చి గోడకి పాత పాటగత్తెల ఫోటో పెడతామన్నారు. మా పాటల బృందంలో అందరికన్నా పెద్దవాళ్ళు ఫాలెస్ అవ్వ, ఆవిడ చెల్లెలు ఎనెలెస్ అవ్వ. తండ్రి వదిలిపోయిన పడవ ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగి, తొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. చెల్లెలు పాట మానేసి అఖాతం అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఫోటో కోసమే పడవెక్కి అక్క వాకిట్లోకి వచ్చింది.

సరస్సు ఒడ్డున మా ఊరు న్ఖాటా బేలో అప్పట్లో ఫోటోలు తీసేదాన్ని నేనే, తొవేరాని. జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా నాది.

సరస్సు మీద పురుగుల మబ్బు లేచింది. నీళ్ళలోంచి పొగలా పుట్టి, నిద్రలో నడుస్తున్నట్టు ఒడ్డుకి వస్తోంది.

"సరస్సు కనపడేలా తియ్యి తొవేరా," అంది ఫాలెస్.

తీశాను. వెనక నీళ్ళు వెండిలా మెరిశాయి. మొహాలు మాత్రం బొగ్గు.

"ఈవిడ పక్కన నిలబడేసరికి నా మొహం మాడిపోయిందని చెప్పు," అంది ఎనెలెస్ నాతో.

"కొత్తగా మాడిందేముందో అడుగు," అంది అక్క, నాతోనే.

"వెలుగు మీ వెనకుంది అవ్వా, అంతే," అని ఫ్లాష్ వేశాను. ఈసారి కళ్ళు ఎర్రటి నిప్పులు. చుట్టూ గాల్లో తేలుతూ తెల్లటి గుండ్రాలు.

ఎనెలెస్ ఆ గుండ్రాలని వేలితో తాకింది. "పోయిన అమ్మావాళ్ళు వచ్చారు," అంది మెల్లగా.

అవి లెన్సుకి దగ్గరగా ఎగురుతున్న పురుగులనీ, ఫ్లాష్ పడి అలా వచ్చాయనీ చెప్పాను. ఆవిడ నా మాట విన్నట్టు లేదు.

ఫ్లాష్ ఆపేసి, ఇద్దర్నీ సరస్సు వైపు తిప్పి కూర్చోబెట్టాను. వెలుతురు తగ్గితే కెమెరా నింపాదిగా తీస్తుంది, చెయ్యి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. అందుకని కెమెరాని బోర్లించిన కర్ర రోలు మీద పెట్టి, రెండు సెకన్ల తర్వాత దానంతటదే తీసేలా చేశాను. చెల్లెలి మొహంలో ప్రతి ముడతా తేటగా వచ్చింది. అక్క మొహం మాత్రం నీళ్ళలో నీడలా కరిగిపోయింది. మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే.

"నీ కెమెరా పాడైంది," అంది ఫాలెస్, ఎటో చూస్తూ.

అప్పుడు కెమెరా వదిలేసి ఆవిడ్ని చూశాను. తల సన్నగా వణుకుతోంది, ఆగకుండా. రోజూ చూసే మనిషే, ఎన్నడూ గమనించలేదు. ఎనెలెస్ కూడా అప్పుడే చూసింది.

"ఎన్నాళ్ళనుంచే అక్కా ఇది?"

ఈసారి నన్ను అడగమనలేదు.

"నాలుగేళ్ళు. పాడేటప్పుడు తెలీదులే."

ఎనెలెస్ దగ్గరికి జరిగింది. అక్క చెంపకి అరచెయ్యి ఆనించి, ఆ తలని తన భుజమ్మీదికి వంచుకుంది. వణుకు నెమ్మదించి, నిలిచిపోయింది. పురుగుల మబ్బు మా మీదికి వచ్చేసింది. చెవుల్లో సన్నటి హోరు, చుట్టూ బూడిదరంగు మసక. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

ఇద్దరి మొహాలూ తేటగా వచ్చాయి.

"కళ్ళు మూసుకున్నారు అవ్వా, ఇంకోటి తీస్తా."

"చాల్లే. అక్కని కదిలించకు," అంది ఎనెలెస్.

అవతలి ఒడ్డుకి ఆఖరి పడవ వెళ్ళిపోతున్నా ఆవిడ లేవలేదు. నిటారుగా నిలబడలేదేమని పాటల పెద్ద గొణిగాడు గానీ, ఆదివారానికి ఫోటో గోడకెక్కింది. ఎనెలెస్ అవ్వ ఆ నెలంతా అక్క ఇంట్లోనే ఉండిపోయింది.