తిరువూరికి గంట వచ్చిన దారి

బాలశౌరికి పెళ్ళయి రెండేళ్ళు కావొస్తున్నా అత్తగారితో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడి ఎరగడు. ఇద్దరికీ పగలేం లేవు. అంతోనమ్మది పాతకాలపు మర్యాద, అంతే. అల్లుడు ఇంటికొస్తే కొంగు భుజాల నిండా కప్పుకొని తలుపు చాటున నిలబడేది. చెప్పదలుచుకున్నదేదో కూతురితో చెప్పేది.

"జోజీ, మీ ఆయన ఇంకాస్త పప్పు వేసుకుంటారేమో అడుగు."

బాలశౌరి కంచంలోకి చూస్తూ "చాలని చెప్పు" అనేవాడు.

ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినబడుతూనే ఉండేది. అయినా జోజమ్మ అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేయాల్సిందే. చేరవేసి చేరవేసి ఆ పిల్లకి విసుగొచ్చి, "మీ ఇద్దరి మధ్యా నేను టపా మనిషినయ్యాను" అని ఇరుగుపొరుగుతో చెప్పుకొని నవ్వేది.

అట్లాంటి ఇద్దర్నీ తీసుకొచ్చి ఒకే సీటు మీద కూర్చోబెట్టింది గుడి గంట.

తిరువూరులో అంతోనివారి గుడికి అప్పటిదాకా గంట లేదు. గుడి ముందర రైలు పట్టా ముక్కొకటి వేలాడదీసి, గుడి పనులు చూసే ఉపదేశి దేవానందం దాన్ని సుత్తితో కొట్టేవాడు. ఆ చప్పుడు కమ్మరి కొలిమి చప్పుడులా ఉందని అంతోనమ్మకి ఎప్పుడూ చిన్నతనంగానే ఉండేది. ఆవిడే పేటలో ఇల్లిల్లూ తిరిగి, వండుకునే ముందు గుప్పెడు బియ్యం తీసిపెట్టమని ఆడవాళ్ళందరికీ నచ్చజెప్పింది. ఆ బియ్యమే ఏళ్ళ తరబడి పోగయి ఆఖరికి గంటయింది. అంతోనివారి పండగ వారంలో అది రైల్లో బెజవాడ గూడ్సు షెడ్డుకి వచ్చిందని కబురందింది.

బాలశౌరి మామిడికాయల వ్యాపారి బసవపున్నయ్యగారి దగ్గర డ్రైవరు. పాత పెట్రోలు వ్యానుకి డీజిలు ఇంజను వేయించి, వెనక తొట్టి కోయించి, కాయలు తోలిస్తున్నాడాయన. గంట సంగతి చెప్పగానే ఆయన వెనకాడలేదు.

"కాయలు అయిపోవచ్చినయ్ గదరా, తీసుకుపో. ట్రైలరు కూడా తగిలించుకో. ఇంజను మాత్రం కనిపెట్టుకో. బరువెక్కువైతే అలుగుద్ది."

"నేను చూసుకుంటానండి" అన్నాడు బాలశౌరి. ఆ బండి ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు నవ్వుతుందో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం.

తెల్లారగట్లే బయల్దేరి బెజవాడ చేరారు. ముందు సీట్లో బాలశౌరి, మధ్యలో జోజమ్మ, తలుపు పక్కన అంతోనమ్మ. వెనక తొట్టిలో ఉపదేశి దేవానందం. కూలీలు గంటని ఇనప చట్రంతో సహా ట్రైలరులోకి ఎక్కించి మోకులతో బిగించారు. దారిలో మోగకుండా దాని నాలుకకి గోనెపట్టా చుట్టారు. అంతటితో అయిపోతే బాగుండేది. గంట స్తంభానికి కావాలని ఇనప దూలాలూ, సిమెంటు బస్తాలూ కూడా ఎక్కించారు. ట్రైలరు టైర్లు అణిగిపోయాయి. బాలశౌరి ఒకసారి చుట్టూ తిరిగి చూసి తల గోక్కున్నాడు. ఫరవాలేదు, నిదానంగా పోదాం అనుకున్నాడు.

అప్పుడు అంతోనమ్మ తన రేకు పెట్టె తెరిచింది. అందులోంచి మడతలు విప్పుకుంటూ ఎర్రటి మఖమలు గుడ్డ ఒకటి బయటికి తీసింది. దుప్పటంత ఉంది. దాని మీద తెల్లదారంతో "పునీత అంతోనివారా, మా కొరకు ప్రార్థించండి" అని అక్షరాలూ, చుట్టూ లిల్లీ పూలూ కుట్టి ఉన్నాయి. ఈస్టరుకి ముందు తపస్సుకాలమంతా దీపం ముందు కూర్చొని కళ్ళు వాచేట్టు కుట్టింది.

"జోజీ, దీన్ని బండికి ముందు కడదాం. దారెంట అందరూ చదువుకుంటారు."

తల్లీకూతుళ్ళు దాన్ని బానెట్టు అంచు నుంచి కింద బంపరు దాకా లాగి, నాలుగు మూలలా తాళ్ళతో కట్టారు. ఆ ఎర్రగుడ్డ కట్టేసరికి కాయలు మోసే వ్యాను కాస్తా పెళ్ళికొడుకయి కూర్చుంది. బాలశౌరికి కూడా ముచ్చటేసింది. "చాలా బాగుందని చెప్పు" అన్నాడు పెళ్ళాంతో. అంతోనమ్మ కొంగు చాటున నవ్వుకుంది.

ఆ ఏడు మృగశిర కార్తె వచ్చినా వాన జాడ లేదు. ఇబ్రహీంపట్నం దాటేసరికే గాలి నిప్పులా కొడుతోంది. కొండపల్లి దాటాక వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేవడం మొదలెట్టింది. మైలవరం ఇంకా రాకముందే ఎర్రగీత తాకింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది.

బాలశౌరి బండిని తుమ్మచెట్టు నీడకి లాగి ఆపాడు. ఇంజను చల్లారేదాకా కూర్చొని, తెచ్చుకున్న డబ్బాలో నీళ్ళు రేడియేటరులో పోశాడు. "బరువు" అన్నాడు దేవానందంతో. "సిమెంటు బస్తాలు వద్దంటే విన్నారా?"

"వద్దని ఎప్పుడన్నావయ్యా?" అన్నాడు ఉపదేశి.

"మనసులో అనుకున్నా."

మైలవరంలో మళ్ళీ డబ్బా నింపుకొని కదిలారు. ఊరు దాటి ఎత్తు మొదలవగానే ముల్లు మళ్ళీ లేచింది. ఈసారి బాలశౌరి బండి నిలిపి, ఇంజను ఆపకుండానే దిగి, ఎర్రగుడ్డ మూల కొంచెం ఎత్తి లోపలికి చూశాడు. చూసి అక్కడే ఆగిపోయాడు. ఫ్యాను గుంజుకునే గుంజుడికి గుడ్డ మొత్తం రేడియేటరు జాలీకి తడిబట్టలా అంటుకుపోయింది. చీమ దూరే సందు లేదు. గాలి ఆడక ఇంజను ఉడికిపోతోంది. బరువు తప్పు కొంతే. అసలు తప్పు లిల్లీపూలది.

గుడ్డ మూల వదిలేసి చేతులు తుడుచుకున్నాడు. ఇందాక ఉపదేశి మీద విసుక్కున్నందుకు సిగ్గేసింది. దానికంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఈ మాట అత్తగారితో ఎట్లా చెప్పడం?

జోజమ్మని పక్కకి పిలిచాడు. "మీ అమ్మతో చెప్పి ఆ గుడ్డ విప్పించు. గాలి ఆడటం లేదు."

జోజమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "నేనా? అమ్మ ఆ గుడ్డ కుట్టేప్పుడు నన్ను ముట్టుకోనిచ్చింది కాదు. చేతులు కడుక్కొచ్చావా అని అడిగింది. నేను చెప్పనంటే చెప్పను. మీరే చెప్పుకోండి."

"నేను మాట్లాడకూడదు గదా!"

"అయితే నీళ్ళు పోసుకుంటూ పోండి."

బాలశౌరి నిజంగానే నీళ్ళు పోసుకుంటూ పోదామనే నిశ్చయించుకున్నాడు. ఎట్లాగో ఎ.కొండూరు చేరితే అక్కడ ఏదో ఒక వంక పెట్టొచ్చు, గాలికి గుడ్డ చిరుగుతుందనో, దుమ్ము పడుతుందనో. ఆ ధైర్యంతో గేరు మార్చాడు.

ఎ.కొండూరు ఇంకా రానేలేదు. పెద్ద ఎత్తు సగం ఎక్కేసరికి రేడియేటరు మూత కింది నుంచి ఆవిరి ఈలేసింది. వేడినీళ్ళు జివ్వున చిమ్మి అద్దం నిండా పడ్డాయి. ఇంజను రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ట్రైలరు బరువుకి బండి వెనక్కి జారబోతుంటే దేవానందం ఒక్క దూకు దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. డబ్బా ఖాళీ. రేడియేటరూ ఖాళీ. కనుచూపు మేరలో బావి గాని, ఇల్లు గాని లేవు. రోడ్డుకి అటూ ఇటూ మామిడి తోటలు, ఎండ, నిశ్శబ్దం.



"గంట కొడితే?" అన్నాడు దేవానందం. "తోటల్లో ఎవరో ఒకరుంటారు. వినపడితే వస్తారు."

అంతోనమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఫాదరుగారు మంత్రించకముందా? మొదటి దెబ్బ గుడి ముందర మోగాలని గదా ఇన్నాళ్ళు కాచుకున్నాం! వద్దు ఉపదేశిగారూ, తప్పు."

కాసేపు గడిచింది. బస్సు వస్తుందేమో అని చూశారు. రాలేదు. జోజమ్మ మొహం ఎండకి కందిపోయి, పెదాలు ఎండిపోయాయి. ఆ పిల్లకి అయిదో నెల. వ్యాను నీడలో ముడుచుకొని కూర్చుంది. అంతోనమ్మ కూతుర్ని చూసింది, గంటని చూసింది. కొంగు నడుముకి దోపుకొని ట్రైలరు ఎక్కింది. గోనెపట్టా ముడి విప్పి, నాలుకకి కట్టిన తాడు రెండు చేతులా పట్టుకొని, "సామీ, నువ్వూ తండ్రివేగా" అని గట్టిగా లాగింది.

గంట మోగింది.

ఆ మోతకి తోటల్లో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. బాలశౌరికి ఒళ్ళు జలదరించింది. రైలు పట్టా ఎక్కడ, ఇదెక్కడ! కొట్టడం తెలియని అంతోనమ్మ ఎడాపెడా లాగేస్తోంది. గంట కూడా అంత ఆదరాబాదరాగానూ గోల పెడుతోంది.

ముందు కేకలు వినపడ్డాయి. తర్వాత తోటలోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. ప్రతివాళ్ళ చేతుల్లోనూ నీళ్ళే. బిందెలు, బకెట్లు, ఒకడి నెత్తిన కుండ. అందరికంటే ముందు తోట గలావిడ సుబ్బాయమ్మ, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని, రొప్పుకుంటూ వచ్చింది.

"ఎక్కడమ్మా మంట? ఏ గడ్డివామి అంటుకుంది?"

ట్రైలరు మీది నుంచి అంతోనమ్మ తాడు వదిలేసి, "మంటేం లేదమ్మా. ఈ బండికి దాహం" అంది.

సుబ్బాయమ్మ బండిని చూసింది, గంటని చూసింది, బిందెలతో నిలబడ్డ తన మనుషుల్ని చూసింది. నడుం మీద చెయ్యేసుకొని నవ్వడం మొదలెట్టింది. ఆవిడ నవ్వాక అందరూ నవ్వారు. "ఇంత పెద్ద గంటేసుకొని దాహమని పిలిస్తే రాకుండా ఎట్లా ఉంటాం! ముందు ఆ పిల్లకి నీళ్ళివ్వండర్రా. తోటలోకి తీసుకురండి, మజ్జిగుంది."

జోజమ్మ మజ్జిగ తాగి మామిడి నీడలో నడుం వాల్చింది. ఇంజను పూర్తిగా చల్లారేదాకా బాలశౌరి ఎవర్నీ నీళ్ళు పోయనివ్వలేదు. వేడి మీద పోస్తే ఇనుము పగులుతుందని చెప్పి, ఆ తర్వాత చెంబుతో కొంచెం కొంచెంగా పోశాడు. రేడియేటరు నిండింది. డబ్బా నిండింది. స్టార్టు చేస్తే ఇంజను తిన్నగానే పలికింది.

ఈలోపు అంతోనమ్మ వ్యాను ముందుకొచ్చి, ఆవిరికి తడిసిన ఎర్రగుడ్డని చేత్తో సాపు చేసి, వదులైన తాళ్ళు బిగించడం మొదలెట్టింది. బాలశౌరి చూస్తూ నిలబడ్డాడు. మూడు మూలలు బిగించింది. నాలుగో తాడు చేతిలోకి తీసుకుంది.

"అత్తమ్మా."

ఆ మాట ఎవరన్నారో బాలశౌరికే అర్థం కాలేదు. అంతోనమ్మ తాడు పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. దేవానందం నోరు తెరిచాడు.

"అత్తమ్మా, ఆ గుడ్డ అక్కడ వద్దండి. ఇంజను ముక్కు అదేనండి. మూసేస్తే ఊపిరాడదు. పొద్దున్నించీ మూడుసార్లు ఆగింది అందుకేనండి."

అంతోనమ్మ తల వంచుకొనే, "మీకు ఎప్పుడు తెలిసింది?" అంది.

"మైలవరం దాటాక."

"అప్పుడే చెప్పకూడదూ?"

"మీరంత కష్టపడి కుట్టారు. నొచ్చుకుంటారని..."

ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. మొహం చిన్నబోయింది. ఒక్కొక్క తాడే విప్పి, గుడ్డ తీసి, తడి లిల్లీపూల మీద అరచెయ్యి ఒకసారి రాసి, మడతపెట్టింది. ఎవరికీ ఇవ్వలేదు. తనే ఒళ్ళో పెట్టుకొని సీట్లో కూర్చుంది. సుబ్బాయమ్మకి దణ్ణం పెట్టి, పండక్కి రమ్మని మరీ మరీ చెప్పింది గాని అల్లుడి వైపు చూడలేదు.

బండి ఎత్తు ఎక్కింది. ఈసారి ఈల లేదు, బుస లేదు. అయినా బాలశౌరికి హాయిగా లేదు. రెండేళ్ళకి నోరు తెరిచి చెప్పిన మొదటి మాట ఇదా అనుకున్నాడు. మధ్యలో కూర్చున్న జోజమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

ఎ.కొండూరు దాటాక అంతోనమ్మ గొంతు వినపడింది.

"ఆ ముల్లేంటి అల్లుడుగారూ? ఇందాకట్నుంచీ మీరు దాన్నే చూస్తున్నారు."

జోజమ్మ అలవాటు కొద్దీ మొగుడి వైపు తిరిగి, "ఆ ముల్లేంటని..." అనబోయి నాలుక కరుచుకుంది.

"ఇంజనుకి జ్వరం చూసే ముల్లండి. ఆ ఎర్రగీత మీదికి పోతే ప్రమాదం."

"ఇప్పుడు సగంలో ఉంది."

"అదేనండి. అట్లా ఉంటే మంచిదే."

ఇక ఆవిడ ఆ ముల్లుని వదల్లేదు. "కొంచెం లేచింది అల్లుడుగారూ, నిదానం" అనేది. "తగ్గింది, ఇప్పుడు పోనివ్వండి" అనేది. లారీ అడ్డొస్తే "ఆయన్ని తప్పుకోమనండి, మన ఇంజను ఇప్పుడే కోలుకుంది" అంది. నీళ్ళు ఎటు పోతాయి, ఫ్యాను ఎవరు తిప్పుతారు, డీజిలు తాగి ఇంత బరువు ఎట్లా లాగుతుంది అని ఒకటే ప్రశ్నలు. తన పనిని గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాళ్ళు బాలశౌరికి ఇంతవరకు తగల్లేదు. గేరు గేరుకీ విడమరిచి చెప్పాడు. చెప్పే ఉత్సాహంలో ఒకటి రెండుసార్లు స్టీరింగు కూడా వదిలేశాడు. జోజమ్మ మధ్యలో తల వెనక్కి వాల్చి, టపా పని తప్పినందుకు హాయిగా నిద్రపోయింది.

తిరువూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. గుడి ముందర పేట పేటంతా నిలబడి ఉంది. ఎ.కొండూరులో ఎవరో బస్సెక్కి వచ్చి, గంట దారిలోనే మోగిందన్న కబురు ముందే మోసేశారు. అంతోనమ్మ దిగుతూనే ఫాదరుగారి ముందుకెళ్ళి చేతులు కట్టుకుంది.

"మంత్రించకముందే మోగించాను ఫాదర్. పిల్ల దాహంతో ఉంటే తట్టుకోలేకపోయాను."

"నీళ్ళు దొరికాయా?" అన్నాడాయన.

"బిందెలకి బిందెలు!"

"అయితే దాని పని అది చేసిందిలేమ్మా. ఇక దింపండి."

గంట దించి, సిమెంటు బస్తాలు దించి, ట్రైలరు కడిగేసరికి బాలశౌరి నడుం విరిగింది. ఖాళీ ట్రైలరు అంచు మీద కూర్చొని బీడీ వెలిగించుకుంటుంటే జోజమ్మ టీ గ్లాసు తెచ్చింది.

"అమ్మ వచ్చే ఆదివారం గంపలగూడెంలో మా పిన్నిని చూడాలంటోంది. మీ వ్యానులోనే, ముందు సీట్లో."

"వ్యాను నాదా? బసవపున్నయ్యగారిది. ఆయన్ని అడగొద్దూ?"

"అడిగేసిందండీ. వచ్చేప్పుడు మిగిలిన మామిడికాయలేసుకు రావాలట, ఖాళీగా రావడం దేనికని ఆయనే అన్నాడంట."

బాలశౌరి గ్లాసు చేతిలో పట్టుకొని గుడి వైపు చూశాడు. అంతోనమ్మ అక్కడ చుట్టూ చేరిన ఆడవాళ్ళకి రెండు చేతులూ తిప్పుతూ, రేడియేటరు అంటే ఏంటో చెబుతోంది.