పొలాల పండుగ నాడు తీసిన నెత్తురు

నవనీతకు పురస్కారం వచ్చిందన్న సంగతి ఆమెకంటే ముందు వేములవాడలోని మరమగ్గాల షెడ్డుకు తెలిసింది. దరఖాస్తులో తండ్రి నంబరు రాసింది మరి, ఆయనకే ఫోను వెళ్లింది. దశరథం మగ్గం ఆపకుండానే ఫోనెత్తి, ఆ చప్పుడులో సగం విని, మిగతా సగం ఊహించుకుని, షెడ్డులో ఉన్న పదిమందికీ చెప్పేశాడు. వన్యప్రాణుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే విద్యార్థుల్లో ఏడాదికి ఒక్కరికే ఇచ్చే పురస్కారం అది. దానితోపాటు మూడేళ్ల స్కాలర్‌షిప్. అది ఉంటేనే నవనీత పీహెచ్‌డీ, లేకుంటే చదువు అక్కడికి ఆగినట్టే.

"అడవిదున్నలకు డాక్టరైతది నా బిడ్డ," అన్నాడట. షెడ్డులో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ, ఆయన కాళ్లు మాత్రం ఆ రోజు నేల మీద నిలవలేదు.

నవనీత పశువైద్యంలో పీజీ చేస్తోంది. రెండేళ్ల కిందట ఖానాపూర్ అవతలి అడవిలో అడవిదున్నలు వరుసగా ఈసుకుపోయాయి, అంటే నెలలు నిండకుండానే కడుపులోని దూడలను పోగొట్టుకున్నాయి. ఆ రోగం ఊరి పశువుల నుంచి అడవికి పాకుతోందా అన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. నాలుగు గూడేలు, గూడేనికి పన్నెండు పశువుల నెత్తురు. మూడు గూడేల్లో రోగం జాడే లేదు. నాలుగో గూడెంలో పన్నెండుకు పన్నెండింటికీ ఉన్నట్టు తేలింది. ఇంకేం! పటం మీద మూడు పచ్చ చుక్కలు, ఒక్క ఎర్ర చుక్క. ఎర్ర చుక్క పక్కనే దున్నలు నీళ్లు తాగే వాగు. ఎవరైనా ఒక్క చూపులో అర్థం చేసుకోగల పటం. పురస్కారం వచ్చింది ఆ పటానికే.

ఆ నాలుగో గూడెంలో పశువుల మధ్య దిగిన ఫోటో ఒకటి కావాలని కమిటీ వాళ్లు అడిగారు. ఫోటోకు ఫోటో, రాయమల్లు కాకాకు ఈ మాట చెప్పినట్టూ ఉంటుందని, రాజన్న ప్రసాదం లడ్డూలు కట్టించుకుని నవనీత బస్సెక్కింది.

రాయమల్లు ఆ గూడెం గోపాలమిత్ర. పశువులకు టీకాలు వేస్తాడు, సూది మందులిస్తాడు, ఎంత బెదిరే ఆవైనా దాని మెడ మీద నరం కళ్లు మూసుకుని పట్టుకుంటాడు. నవనీత గూడెంలో అడుగుపెట్టేసరికి ఆయన ఇంట్లో లేడు. వాకిట్లో రామవ్వ మాత్రం తలకు చేయి ఆనించుకుని కూర్చుని ఉంది.

"ఏమైందవ్వా, గట్ల కూసున్నవ్?"

"ఏమైతది బిడ్డా! ఫారెస్టోళ్లు అడవి తొవ్వకు గేటు పెట్టిండ్రు. ఒకటో తారీకు సంది మన మందను లోపటికి పోనియ్యరట. మన పశువులకు ఏందో పాడు రోగమున్నదని ఎవరో కాగితం రాసిండ్రట. గడ్డి ఎక్కడిది? గొడ్లను సంతల అమ్ముకోవుడేనాయె. గా కాగితం రాసినోళ్ల చెయ్యి పడిపోను!"

ఆ కాగితం రాసిన చేతిలోనే లడ్డూల సంచి పట్టుకుని నవనీత నిలబడింది. ఏం చెప్పను? ఆ పిల్లకు ఆ క్షణాన భూమిలోకి దిగిపోదామనిపించింది. అయినా లోపల ఒక ధైర్యం. రోగం ఉన్న మాట నిజమే కదా, తాను అబద్ధం రాయలేదు కదా అనుకుంది. అవ్వకు తర్వాత నెమ్మదిగా నచ్చజెప్పవచ్చులే అని కూడా అనుకుంది.

అంతలో రాయమల్లు వచ్చాడు. పురస్కారం సంగతి విని లడ్డూ నోట్లో వేసుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"గేటు సంగతి ఆనక చూద్దాం గని, ముందుగాల ఫోటో దిగు బిడ్డా. నీ ప్రైజుల నాది గూడ జర పాలుంది మల్ల! నువ్వు జరంతోని దవాఖాన్ల పడి నన్ను నెత్తురు తియ్యుమన్నప్పుడు ఎంత పరేషానైన్నో నీకేమెరుక? ట్యూబులు తీస్కపోను బండి తెల్లారే అత్తదంటివి. ఆ రోజు సూత్తే పొలాల పండుగాయె."

"అయితే ఏంది కాకా?"

"అయితే ఏందా! పొలాల నాడు గొడ్డు మీద కట్టె గూడ లేపం, సూది గుచ్చుతమా? పొద్దుగాల్నే కడిగి, కొమ్ములకు రంగులేసి, బొట్లు పెట్టి, బెల్లం తినిపిస్తిమి. మొక్కిన చేత్తోని నెత్తురు ఎట్ల తీసేది?"

"మరి పన్నెండు ట్యూబులు పంపినవ్ గదా?"

"పంపిన గద! గీ రామవ్వ ఆవు లేదూ? రెండుసార్లు ఈసుకుపోయింది. కడుపు నిలువని దానికి పండుగెక్కడిది? దానికి బొట్టు పెట్టరు, మందల నిలబెట్టరు. పెరట్ల ఒక్కతే కట్టేసి ఉండె. నేను పోయి దాని మెడల నుంచే పన్నెండూ నింపిన. ఒక్క మంద, ఒక్క వాగు నీళ్లు, ఒక్క గడ్డి. నెత్తురు యేరే ఎట్లైతది బిడ్డా? నీ పని ఆగొద్దని చేసిన."

ఆయన ముఖంలో ఇసుమంతైనా దొంగచూపు లేదు. ఎంత మంచి పని చేశానో చూడు అన్నట్టు ఉన్నాడు.

పండుగకు పనికిరాదని పక్కన పెట్టిన ఆవు ఏదైతే ఉందో, రోగం ఉందని తేలింది దానికొక్కదానికే. రోగం ఉంది కాబట్టే అది ఈసుకుపోయింది, ఈసుకుపోయింది కాబట్టే దానికి పండుగ లేదు, పండుగ లేదు కాబట్టే సూది దానికి దిగింది. పన్నెండు ట్యూబుల్లోనూ ఆ ఒక్క ఆవు నెత్తురే. ల్యాబులో పన్నెండు అంకెలూ ఇంచుమించు ఒక్కలాగే వచ్చినప్పుడు నవనీత ఎంత సంబరపడిందో! ఇంత శుభ్రమైన ఫలితం ఎవరికి వస్తుంది అనుకుంది. అనుమానించాల్సిన చోట మురిసిపోయింది మొద్దుమొహం. పైగా ఫారంలో "నమూనాలన్నీ నేనే స్వయంగా సేకరించాను" అన్న వాక్యం కింద సంతకం పెట్టింది. ఆసుపత్రి మంచం మీద సెలైన్ ఎక్కుతుండగా ఫోనులో పని పురమాయించిన మనిషి, ఆ సంతకం ఎలా పెట్టిందంటే ఏం చెబుతుంది? అందరూ అలాగే పెడతారు, తానూ పెట్టింది.

ఫోటో దిగకుండానే తిరుగు బస్సెక్కింది. మర్నాడు పద్మలత మేడం గదిలో కూర్చుని అంతా చెప్పింది. మేడం ఆమె పరిశోధనకు గైడు.

"నాలుగు రోజుల్లో ఫంక్షన్ పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?" అంది మేడం. "సరే, విను. పురస్కారం తీసుకో. తర్వాత మళ్లీ నమూనాలు తీసి సరిదిద్దుకుందాం. ఇలాంటివి జరుగుతుంటాయి."

"ఒకటో తారీఖు నుంచి మందను ఆపేస్తున్నరు మేడం. అప్పటికి సగం గొడ్లు సంతకు పోతయి."

"అంత బాధగా ఉంటే ఈరోజే కమిటీకి రాయి. గోపాలమిత్ర మోసం చేశాడని పేరుతో సహా రాయి. తప్పు అతనిదని తేలితే నీ స్కాలర్‌షిప్‌కు ఢోకా ఉండదు. నేనూ సంతకం పెడతా."

"కాకా పని పోతది గద మేడం."

"నీ చదువు పోతుంది, దాని ఫికర్ లేదా నీకు?"

మేడం చెడ్డ మనిషి కాదు. నవనీత జ్వరంతో పడి ఉన్నప్పుడు ఇంటి నుంచి జావ కాచి తెచ్చిన మనిషి. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. నవనీత గదికి వచ్చి ఉత్తరం రాయడానికి కూర్చుంది. "రాయమల్లు అనే వ్యక్తి" అని మొదలుపెట్టింది. ఆ మూడు మాటలు రాసి, ఛీ అనుకుని చింపేసింది. మళ్లీ రాసింది, మళ్లీ చింపింది. నాలుగు రోజులూ అన్నం సయించలేదు.

ఫంక్షన్ కరీంనగర్‌లో. దశరథం ఇస్త్రీ షర్టు వేసుకుని, షెడ్డు నుంచి ఇద్దరు తోటివాళ్లను వెంటబెట్టుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. పురస్కారం అందుకునే ముందు పది నిమిషాలు పరిశోధన గురించి మాట్లాడాలి. నవనీత లేచింది. తెర మీద పటం వెలిగింది. మూడు పచ్చ చుక్కలు, ఒక ఎర్ర చుక్క.

"ఈ ఎర్ర చుక్క తప్పు," అంది.

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. దశరథం అయితే చప్పట్లు కొట్టబోయి పక్కవాళ్లను చూసి ఆగాడు. నవనీత పొలాల పండుగ సంగతి, పెరట్లో కట్టేసిన ఆవు సంగతి, ఒకేలా వచ్చిన పన్నెండు అంకెల సంగతి దాచకుండా చెప్పింది. "ఆ ఒక్క ఆవుకు రోగముంది. దాన్ని వేరుగా కట్టాలి. మిగతా మంద సంగతి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలిసేదాకా దయచేసి ఆ గేటు వేయకండి," అంది.

మూడో వరసలో ఉన్న అటవీ అధికారి చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పరీక్ష మళ్లీ జరిగేదాకా గేటు సంగతి ఆపుతామని లేచి చెప్పాడు. కమిటీ పెద్దాయన మాత్రం కళ్లజోడు తీసి ఆమెనే చూశాడు.

"ఫారంలో మీరే సేకరించినట్టు రాశారు కదమ్మా. మరి తీసిందెవరు? పేరు చెప్పండి. పొరపాటు కింది మనిషిదైతే మేం ఆలోచిస్తాం."

అదిగో, దారి తెరిచి పెట్టాడు. ఒక్క పేరు చెబితే చాలు. మేడం ముందు వరస నుంచి చెప్పు చెప్పు అన్నట్టు తల ఊపుతోంది. నవనీత తండ్రి వైపు చూసింది. ఆయన ఇంకా నవ్వు ముఖంతోనే ఉన్నాడు, పాపం, ఆ నవ్వును ఏం చేయాలో తెలియక.

"తీసింది ఎవరైనా సంతకం నాది సార్," అంది. "పొలాల నాడు సూది గుచ్చరని తెలుసుకోవాల్సింది నేను. పక్కన ఉండాల్సింది కూడా నేనే."

ఈ ఏడాది పురస్కారం ఎవరికీ ఇవ్వడం లేదని పెద్దాయన ప్రకటించాడు. ఫారం మీద అబద్ధపు సంతకం గురించి కాలేజీకి రాస్తామన్నాడు. షెడ్డు నుంచి వచ్చిన ఇద్దరూ చాయ్ తాగొస్తామని వెళ్లి మళ్లీ కనిపించలేదు.

వేములవాడ బస్సులో తండ్రీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. ఊరు దాటాక దశరథం ఆమె వైపు తిరిగాడు.

"షెడ్డుల అడిగితే ఏం చెప్పాలె బిడ్డా?" అన్నాడు.

"ఉన్నదే చెప్పు బాపూ."

"నువ్వు చెప్పినవ్. నీకు చదువున్నది, ఇల్మున్నది. నాకు నోరు ఎట్ల వత్తదో!" అని కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదలడం నవనీతకు కనిపించింది. తండ్రి ఏడవడం ఆమె అంతకుముందు ఎన్నడూ చూడలేదు. తాను చేసింది సరైనదే అనిపించింది, అయినా గుండె ముక్కలైంది.

ఫోను మోగింది. రాయమల్లు.

"బిడ్డా, ప్రైజు ఇచ్చిండ్రా? ఫోటో పంపు, గూడెంల అందరం సూత్తం. ఫారెస్టోళ్లు గేటు ఆపిండ్రట, రామవ్వ మస్తు కుషీగున్నది!"

"ప్రైజు రాలే కాకా."



"ఎందుకు రాలే? నేను పంపిన నెత్తురు మంచిగ లేకుండెనా?"

అబద్ధం చెప్పడానికి నవనీతకు ఆ క్షణంలో ఎన్ని మాటలు దొరికాయో! అన్నీ మింగేసింది.

"కాకా, రేపు గూడెం వస్తున్న. మందల ఒక్కొక్క గొడ్డుకు సూది గుచ్చాలె. నువ్వు పట్టుకో, నేను గుచ్చుత. ఎందుకో అక్కడ కూసొని చెప్పుత."

"గదానికేం బిడ్డా," అన్నాడు రాయమల్లు, ఇంకా ఏమీ తెలియని గొంతుతో. "రేపు పండుగేం లేదు. రా."